జ్వరం దిగాక పొట్ట చూడండి

మీకు తెలుసా? డెంగీలో పిల్లలకు అసలు గండం ఒళ్లు కాలిపోతున్నప్పుడు కాదు, ఒళ్లు చల్లబడ్డాక మొదలవుతుంది.

మూడు నాలుగు రోజులు 103, 104 డిగ్రీలు కాసిన జ్వరం ఒకరోజు పొద్దున్నకి దిగిపోతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అమ్మ మెత్తగా ఇడ్లీ చిదిమి పెడుతుంది. పిల్లాడు రెండు ముద్దలు తిని కక్కేస్తాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని ముడుచుకు పడుకుంటాడు. మందులు వేడి చేశాయనో, నిన్న తిన్నది అరగలేదనో అనుకుని కాసిని వాము నీళ్లు తాగిస్తారు. మధ్యాహ్నం మళ్లీ వాంతి. సాయంత్రానికి అరికాళ్లు చల్లగా తగులుతాయి. జ్వరం పోయింది కాబట్టి చల్లబడ్డాయిలే అని సరిపెట్టుకుంటారు. వానాకాలం మొదలు దీపావళి వెళ్లేదాకా, పిల్లల వార్డుకు ఆలస్యంగా వచ్చే కేసుల వెనుక తరచూ వినిపించే కథ ఇదే.

జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఒంటి వేడి వంద డిగ్రీల దరిదాపులకు దిగే వేళ, డెంగీ రెండో దశ మొదలవుతుంది. ఇది 24 నుంచి 48 గంటలు ఉంటుంది. చాలామంది పిల్లలకు ఏ గొడవా లేకుండానే గడిచిపోతుంది. కొద్దిమందికి మాత్రం రక్తనాళాల్లో ఉండాల్సిన ద్రవం బయటికి జారిపోవడం ఈ గంటల్లోనే జరుగుతుంది. ఆ సంగతిని ముందుగా చెప్పేది చాలాసార్లు పొట్టే.

ఏడింటిలో నాలుగు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో డెంగీ మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు ఏడు ప్రమాద సూచనలను గుర్తించింది. కడుపునొప్పి లేదా పొట్ట నొక్కితే నొప్పి, ఆగని వాంతులు, పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరడం, చిగుళ్లు, ముక్కు వంటి చోట్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం లేదా స్థిమితం లేకపోవడం, కాలేయం రెండు సెంటీమీటర్లకు మించి పెరగడం, రక్తం చిక్కబడుతూ ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోవడం. ఈ ఏడింటిలో నాలుగు పొట్ట చుట్టూ తిరిగేవే. పైగా వాటిలో మొదటి రెండూ కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు. ఇంట్లో ఉన్నవాళ్లే కనిపెట్టగలరు.

మన దగ్గర మాత్రం డెంగీ అనగానే పలకరింపు ఒక్కటే: ‘ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయి?’ రోజుకు రెండుసార్లు రక్తం తీయించి, ఆ అంకెను చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి, పది వేలు తగ్గితే కుంగిపోతాం, అయిదు వేలు పెరిగితే తేరుకుంటాం. అదే సమయంలో మంచం మీద పిల్ల నాలుగోసారి కక్కుకున్న సంగతి డాక్టరుకు చెప్పడం మరచిపోతాం. ప్లేట్‌లెట్లు లక్ష ఉన్న పిల్ల షాక్‌లోకి, అంటే రక్తప్రసరణ కుంగిపోయే స్థితిలోకి, జారిపోవచ్చు. ఇరవై వేలు ఉన్న పిల్ల లేచి కూర్చుని అన్నం అడగొచ్చు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ తేడాను తల్లిదండ్రుల చెవిన వేయాలన్న తపనే.

కారేది రక్తం కాదు

డెంగీలో రక్తనాళాలు తెగవు, చిట్లవు. కొత్త మట్టికుండ పగలకుండానే బయటికి చెమ్మగిల్లినట్టు, సన్నని రక్తనాళాల గోడల గుండా రక్తంలోని పలచటి ద్రవం, అంటే ప్లాస్మా, బయటికి ఊరుతుంది. ఎర్ర కణాలు లోపలే ఉండిపోతాయి. వైరస్ విడుదల చేసే ఎన్‌ఎస్1 అనే ప్రొటీన్, దానికితోడు మన రోగనిరోధక వ్యవస్థ ఉధృతంగా వదిలే రసాయనాలు కలిసి నాళాల లోపలి పొరను కాసేపు సడలిస్తాయి. ఊరిన ప్లాస్మా ముఖ్యంగా రెండు చోట్ల చేరుతుంది. ఒకటి ఊపిరితిత్తుల చుట్టూ, అదీ ఎక్కువగా కుడివైపున. రెండోది పొట్టలో, పేగుల చుట్టూ ఉండే ఖాళీలో.

15 కిలోల పిల్లాడి ఒంట్లో ఉండే మొత్తం రక్తం లీటరు పైచిలుకు మాత్రమే. అందులో ప్లాస్మా సగానికి కాస్త ఎక్కువ. అందులోంచి ఒక గ్లాసెడు పొట్టలోకి ఊరిపోతే గుండెకు తిరిగొచ్చే రక్తం ఎంత తగ్గుతుందో ఆలోచించండి. ఒంటి మీద గాయం ఉండదు, నేల మీద చుక్క పడదు. అందుకే ఇది ఎవరి కంటా పడదు.

దీన్ని పట్టిచ్చే పరీక్ష హెమటోక్రిట్. మన ల్యాబ్ రిపోర్టుల్లో పీసీవీ అని ఉంటుంది. ద్రవం పోయి కణాలు మిగిలితే రక్తం చిక్కబడి ఈ అంకె పెరుగుతుంది. మామూలుగా 36 ఉండే పిల్లకు 43, 44 అయిందంటే అయిదో వంతు పెరిగినట్టు. ప్లాస్మా బాగా కారుతోందని అర్థం. ఇక్కడ మన పిల్లల విషయంలో ఒక చిక్కుంది. మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. పీసీవీ 27 ఉండే పిల్లకు అది 33 అయితే రిపోర్టులో అంకె అంత ఎక్కువగా కనిపించదు, ఎవరూ ఉలిక్కిపడరు. కానీ ఆ పిల్ల కూడా అయిదో వంతు దాటేసింది. అందుకే జ్వరం వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో తీసిన రక్తపరీక్ష కాగితం బంగారంతో సమానం. పారేయకండి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చేతిలో పెట్టుకోండి.

పిత్తాశయం గోడ

డెంగీ పిల్లకు పొట్ట స్కానింగ్ చేస్తే రిపోర్టులో తరచూ కనిపించే మాట ఒకటుంది: పిత్తాశయం గోడ మందంగా ఉంది. కాలేయం కింద వేలాడే ఈ చిన్న సంచి గోడ మామూలుగా మూడు మిల్లీమీటర్లు మించదు. డెంగీలో అది అయిదు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువకు ఉబ్బుతుంది. స్కానింగ్ తెర మీద మధ్యలో నల్లగా పైత్యరసం, దాని చుట్టూ తెల్ల గీత, బూడిద రంగు గీత, మళ్లీ తెల్ల గీత, ఇలా పొరలు పొరలుగా కనిపిస్తుంది. ప్రోబ్‌తో అక్కడ నొక్కితే పిల్ల విలవిల్లాడుతుంది.

ఆ కాగితం చూసి పిత్తాశయానికి ఇన్ఫెక్షన్ వచ్చిందనీ, ఆపరేషన్ తప్పదేమో అనీ కంగారుపడే కుటుంబాలున్నాయి. లోపల రాళ్లు ఉండవు. చాలా సందర్భాల్లో చీము కూడా ఉండదు. గోడలోకి ప్లాస్మా ఊరడం వల్ల వచ్చిన వాపు అది. కారడం ఆగితే వారం పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోయి, నాళాలు కారుతున్న పిల్లకు కత్తి పెట్టడమే ప్రమాదం. పిత్తాశయం కుళ్లిపోవడం, చిల్లు పడటం వంటి అరుదైన పరిస్థితుల్లో తప్ప దాని జోలికి పోరు.

అయితే ఆ మందం వృథా సమాచారం కాదు. ప్లాస్మా కారడం మొదలైందన్న సంగతిని స్కానింగ్ చాలాసార్లు ముందే చూపిస్తుంది. పొట్టలో చేత్తో తెలియనంత కొద్దిపాటి నీరు, కుడి ఊపిరితిత్తి కింద సన్నని నీటి పొర, పిత్తాశయం గోడ వాపు. ఈ మూడూ ఒకే రిపోర్టులో కనిపిస్తే డాక్టర్లు ఆ పిల్లను ఇంటికి పంపరు.

కాలేయం అంచు

డాక్టరు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు కాస్త మడవమని, కుడి డొక్క కింద వేళ్లు ఆనించి ‘గట్టిగా ఊపిరి పీల్చు నాన్నా’ అంటారు. ఊపిరి లోపలికి వెళ్లగానే కాలేయం కిందికి జరిగి దాని అంచు వేళ్లకు తగులుతుంది. చిన్నపిల్లల్లో ఒకటి, రెండు సెంటీమీటర్లు తగలడం మామూలే. రెండు దాటి, నొక్కగానే మొహం చిట్లిస్తే అది డెంగీ కాలేయం కావచ్చు. కాలేయం చుట్టూ ఉన్న సన్నని పొర సాగడం వల్లే ఆ నొప్పి. కాలేయంలో నొప్పి తెలిసేది ఆ పైపొరకే.

పిల్లల కాలేయానికి ఇంత ప్రాధాన్యం రావడం వెనుక ఒక చరిత్ర ఉంది. 1953–54లో మనీలాలోనూ, 1958లో బ్యాంకాక్‌లోనూ పిల్లలు ఉన్నట్టుండి జ్వరం, రక్తస్రావం, షాక్‌తో చనిపోవడం మొదలైంది. అప్పటిదాకా డెంగీ అంటే ఒళ్లు విరిచేసి వదిలేసే జ్వరమనే వైద్యులు అనుకునేవారు. బ్యాంకాక్ పిల్లల ఆసుపత్రిలో సుచిత్రా నిమ్మన్నిత్య అనే డాక్టరమ్మ ఏళ్ల తరబడి ఒక్కొక్క బిడ్డను పరిశీలించి, ఏ రోజు ఏమవుతుందో రాసిపెట్టారు. తీవ్ర జ్వరం, రక్తస్రావ సూచనలు, కాలేయం పెరగడం, రక్తప్రసరణ కుంగిపోవడం అనే నాలుగు గుర్తులు ఆ వార్డుల్లోంచి వచ్చినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో రూపొందించిన డెంగీ మార్గదర్శకాలకు ఆమె పనే ఆధారం. ఈ రోజు మన నీలోఫర్‌లోనో విశాఖ కేజీహెచ్‌లోనో పిల్లాడి డొక్క కింద వేళ్లు ఆనించే జూనియర్ డాక్టరు, తెలిసో తెలియకో, ఆమె చూపిన దారిలోనే నడుస్తున్నారు.

కాలేయం దెబ్బతింటే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు రక్తంలో పెరుగుతాయి. డెంగీలో సాధారణంగా మొదటిదే ఎక్కువ పెరుగుతుంది. వందల్లో ఉండటం చాలామంది పిల్లల్లో చూస్తాం, అది తగ్గిపోతుంది. వెయ్యి దాటితే మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తీవ్ర డెంగీగానే లెక్కిస్తుంది. షాక్ ఉన్నా లేకపోయినా సరే. కామెర్లు, మగత, సంధి మాటలు తోడైతే కాలేయం పనిచేయడం మానేస్తోందన్నమాట. అది అరుదే, కానీ ప్రాణాంతకం.

ఒకే మందు, మూడు బలాలు

అలాంటి కాలేయం మీద మనం తెలియక మోపే అదనపు బరువు పారాసిటమాల్.

మందు మంచిదే. డెంగీ జ్వరానికి వాడదగినది అదొక్కటే. మోతాదుతోనే చిక్కంతా. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటలు, రోజుకు నాలుగుసార్లు మించకుండా. అంటే పది కిలోల పిల్లకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. కానీ మన మందుల షాపులో అదే మందు మూడు రకాల బలాల్లో దొరుకుతుంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకోదానిలో 250. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100. సీసా మారినా మూత కొలత మాత్రం పాతదే వాడితే మోతాదు రెట్టింపవుతుంది, చుక్కల మందైతే నాలుగు రెట్లు. దానికితోడు జలుబు సిరప్పుల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరం దిగడం లేదని గంటగంటకూ పోసిన సిరప్, అప్పటికే వాచిన కాలేయానికి విషమవుతుంది. నాలుగో మోతాదు తర్వాత కూడా జ్వరం ఉంటే గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడవండి.

ఐబూప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ మాత్రం డెంగీ అనుమానం ఉన్న పిల్లకు ఇవ్వకూడదు. ఇవి కడుపు లోపలి పొరను గాయపరుస్తాయి, రక్తం గడ్డకట్టే పనిని ఇంకా చెడగొడతాయి. మన ఊళ్లలో ‘ఒక్క సూది వేస్తే జ్వరం ఇట్టే దిగుతుంది’ అని తొడకు వేసే ఇంజక్షన్‌లో తరచూ ఉండేది డైక్లోఫెనాకే. డెంగీ పిల్లకు కండలోకి సూది వేయడమే తప్పు, లోపల రక్తం కారి గడ్డలా చేరుతుంది. ఆ మందు వేయడం రెండో తప్పు. ‘మా పిల్లకు సూది వద్దండీ’ అని మీరు గట్టిగా చెప్పొచ్చు. అందులో మొహమాటం అక్కర్లేదు.

అపెండిసైటిస్ అనిపిస్తే

కుడివైపు కింద నొప్పి, వాంతులు, జ్వరం. ఈ మూడూ వినగానే అపెండిసైటిస్ అనుమానం రావడం సహజం. డెంగీ అచ్చం ఇలాగే కనిపించి ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లిన పిల్లల గురించి వైద్య పత్రికల్లో ఎన్నో నివేదికలున్నాయి. పొట్ట తెరిచి చూస్తే అపెండిక్స్ శుభ్రంగా ఉంటుంది, చుట్టూ నీరు మాత్రం ఉంటుంది.

తేడా చాలావరకు వరసలో ఉంది. అపెండిసైటిస్‌లో సాధారణంగా ముందు నొప్పి వస్తుంది, అదీ బొడ్డు చుట్టూ. తర్వాత వాంతి, ఆ తర్వాత జ్వరం. డెంగీలో ముందు జ్వరం కాస్తుంది, రెండు మూడు రోజులకు నొప్పి దిగుతుంది. ఇంకో తేడా తెల్ల రక్తకణాల్లో. అపెండిసైటిస్‌లో అవి పెరుగుతాయి, డెంగీలో తగ్గిపోతాయి, తరచూ అయిదు వేల కిందికి. కాబట్టి డాక్టరు ‘ఏది ముందు వచ్చింది?’ అని అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. జ్వరం ఎప్పుడు మొదలైందో తేదీ, పూట రాసి పెట్టుకోండి. డెంగీతోపాటు నిజమైన అపెండిసైటిస్ కూడా ఉండొచ్చు కాబట్టి నిర్ణయం మాత్రం డాక్టరుదే.

మన ప్రాంతంలో ఇంకో గందరగోళం టైఫాయిడ్. జ్వరం, కడుపునొప్పి ఉన్న పిల్లకు విడాల్ పరీక్ష చేయిస్తే, ఎప్పుడో తగిలిన ఇన్ఫెక్షన్ వల్లో మరో కారణంగానో పాజిటివ్ రావచ్చు. దాంతో టైఫాయిడ్ అని ఖాయం చేసుకుని డెంగీ గురించి ఆలోచించడం మానేస్తారు. ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో పనికొస్తుంది. ఐజీఎం యాంటీబాడీ పరీక్ష అయిదో రోజు తర్వాత. రెండోసారి డెంగీ వచ్చిన పిల్లల్లో ఎన్‌ఎస్1 నెగెటివ్ రావడానికి అవకాశం ఎక్కువ. ‘నెగెటివ్ వచ్చింది కదా’ అనే మాట కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్ల ముందు చెల్లదు.

అరుదుగా

క్లోమగ్రంథి వాచి, నొప్పి వీపులోకి పొడుచుకుపోవచ్చు. లైపేజ్ పరీక్షలో తెలుస్తుంది. పేగుల కదలిక మందగించి పొట్ట ఉబ్బిపోవచ్చు. ప్లీహం పెరిగి, చాలా అరుదుగా చిట్లిపోవచ్చు. పేగులో పేగు దూరుకుపోయిన సందర్భాలు కూడా పసిపిల్లల్లో నమోదయ్యాయి. ఇవన్నీ డాక్టర్లు చూసుకోవాల్సినవి. మీరు చేయాల్సింది, నొప్పి ఎక్కడుందో, ఎటు పాకుతోందో, మునుపటికన్నా పెరిగిందో లేదో పిల్లను అడిగి చెప్పడం.

మాట రాని పిల్లలు

నెలల పిల్లకు మొదటిసారి వచ్చిన డెంగీయే తీవ్రం కావచ్చని మీకు తెలుసా? పెద్ద పిల్లల్లో తీవ్ర డెంగీ ఎక్కువగా రెండోసారి, వేరే రకం వైరస్ సోకినప్పుడు వస్తుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకదానికి తయారైన యాంటీబాడీలు ఇంకో రకాన్ని ఆపలేకపోగా, దాన్ని కణాల్లోకి చేర్చడానికి తోడ్పడతాయి. 1960ల్లో బ్యాంకాక్‌లో పనిచేసిన అమెరికన్ వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్ దీన్ని గుర్తించారు. దానికి నిదర్శనం క్యూబా. 1977లో అక్కడ మొదటి రకం డెంగీ వ్యాపించింది. నాలుగేళ్లకు, 1981లో, రెండో రకం వచ్చింది. ఆ ఏడు 158 మంది చనిపోతే అందులో 101 మంది పిల్లలే.

పసిబిడ్డకు ఆ యాంటీబాడీలు తల్లి నుంచే వస్తాయి. కడుపులో ఉండగా తల్లి ఇచ్చినవి మొదటి నెలల్లో కాపాడతాయి. అవి తరిగిపోతూ, కాపాడలేనంత తక్కువై, కీడు చేసేంత మాత్రం మిగిలే సమయం దాదాపు నాలుగో నెల నుంచి ఏడాది లోపు. ఆ వయసు బిడ్డ ‘కడుపు నొప్పి’ అని చెప్పలేదు. కాళ్లు పొట్టకు ముడుచుకుని, ఎంత ఎత్తుకు తిప్పినా ఊరుకోకుండా ఏడుస్తుంది. పాలు పట్టబోతే మొహం తిప్పుకుంటుంది. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పి పోసే అమ్మమ్మల ప్రేమను తప్పుపట్టను. కానీ జ్వరం వచ్చి తగ్గిన పసిబిడ్డ అలా ఏడుస్తుంటే ఆటో ఎక్కడమే ముందు చేయాల్సిన పని. ఏడ్చి ఏడ్చి హఠాత్తుగా మౌనమైపోయి, చూపు నిలపకపోతే, అది నిద్ర అనుకోవద్దు.

బీట్‌రూట్ ఎందుకు వద్దంటే

డెంగీ అనగానే రక్తం పడుతుందని బీట్‌రూట్ జ్యూస్, దానిమ్మ రసం తాగించే అలవాటు మనది. ఆ నాలుగు రోజులూ ఎరుపు, గోధుమ, నలుపు రంగుల్లో ఉన్నవేవీ ఇవ్వకుండా ఉండటం మంచిది. చాక్లెట్ పాలు, రంగు షర్బత్తులు కూడా ఇందులోకే వస్తాయి. ఎందుకంటే పిల్ల కక్కినప్పుడు అందులో ఉన్నది రక్తమా, బీట్‌రూటా అన్నది డాక్టరు తేల్చుకోలేరు. ఐరన్ టానిక్ విరేచనాన్ని నల్లగా మారుస్తుంది. జీర్ణాశయంలో రక్తం కారితే కూడా విరేచనం నల్లగానే, జిగటగా, దుర్వాసనతో వస్తుంది. కాబట్టి ఐరన్ టానిక్ కూడా ఆ వారం ఆపి, ఆపిన సంగతి డాక్టరుకు చెప్పండి.

పేగుల్లో పెద్దగా రక్తస్రావం కావడానికి ప్లేట్‌లెట్లు తగ్గడం ఒక్కటే కారణం కాదు. చికిత్స అందక షాక్ గంటల తరబడి సాగితే పేగుల గోడలకు రక్తం చాలక అవి దెబ్బతింటాయి. అప్పుడు లోపల కారుతుంది. ఆ రక్తస్రావాన్ని ఆపే మార్గం ముందుగా షాక్‌ను ఆపడమే. రక్తస్రావం లేనప్పుడు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఉపయోగం లేదని సింగపూర్, మలేషియాల్లో పెద్దవాళ్ల మీద జరిగి 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. ఒక్క అంకె చూసి ‘ఎక్కించండి డాక్టర్’ అని ఒత్తిడి చేసే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

బొటనవేలి గోరు

పిల్లల శరీరం చాలాసేపు బీపీని నిలబెడుతుంది. లోపల ద్రవం తరిగిపోతున్నా పై అంకె దాదాపు మామూలుగానే ఉంటుంది. కింది అంకె మాత్రం పైకి జరుగుతుంది. 100/70 ఉన్న పిల్లకు 100/80 అయితే చూడటానికి బాగానే ఉందనిపిస్తుంది. కానీ రెండింటి మధ్య తేడా 20కి వచ్చింది. డెంగీలో అదే షాక్. పై అంకె కూడా పడిపోయేసరికి చేతిలో ఉన్న సమయం చాలావరకు అయిపోతుంది.

ఇంట్లో బీపీ మిషన్ ఉండదు, ఉన్నా పిల్లలకు సరిపోదు. కానీ గోరు ఉంటుంది. పిల్ల చేతి బొటనవేలి గోరును అయిదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. అంతకన్నా ఆలస్యమైతే, అరచేతులు, అరికాళ్లు చల్లగా చెమ్మగా ఉంటే, ఆరు గంటలుగా మూత్రం పోయకపోతే, వాటికి కడుపునొప్పో వాంతులో తోడైతే, తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

చెంచాతో

వాంతులయ్యే పిల్లకు గ్లాసుతో పోస్తే అంతా బయటికొస్తుంది. చెంచాతో, రెండు మూడు నిమిషాలకు ఒకసారి, ఓపిగ్గా పోస్తే చాలామంది నిలుపుకుంటారు. పది కిలోల పిల్లకు రోజు మొత్తానికి దాదాపు ఒక లీటరు, ఇరవై కిలోల పిల్లకు లీటరున్నర కావాలి. ఓఆర్‌ఎస్, గంజిలో చిటికెడు ఉప్పు, పలచటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, పసిబిడ్డకు తల్లిపాలు, ఇవన్నీ పనికొస్తాయి. వట్టి నీళ్లు, గ్లూకోజు నీళ్లు మాత్రమే అదేపనిగా పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ అంటే లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్టే. రుచి కోసం నీళ్లు తగ్గించకండి.

బొప్పాయి ఆకు రసం గురించి అడగని ఇల్లు లేదు. అది ప్లేట్‌లెట్లను కొంత త్వరగా పెంచవచ్చని కొన్ని చిన్న అధ్యయనాలు అన్నాయి. ప్లాస్మా కారడాన్ని అది ఆపుతుందనడానికి ఆధారం లేదు. పైగా ఆ చేదుకు పిల్లలు కక్కేస్తారు. వాంతి ప్రమాద సూచన అయిన జబ్బులో వాంతి తెప్పించేదాన్ని పోసి, డాక్టరుకు లెక్క తప్పించడం ఎందుకు?

చెంచాతో పోసింది నిలవకపోతే సెలైన్ తప్పదు. వియత్నాంలో డెంగీ షాక్‌తో వచ్చిన 383 మంది పిల్లల మీద 2005లో ప్రచురితమైన అధ్యయనం, మోస్తరు షాక్‌కు ఖరీదైన ద్రావణాలు అక్కర్లేదనీ, అతి చవకైన రింగర్ ల్యాక్టేట్ చాలనీ తేల్చింది. మన పీహెచ్‌సీలో కూడా దొరికే సీసా అది. సరైన వైద్యం అందకపోతే తీవ్ర డెంగీ ప్రతి వందమందిలో ఇరవై మంది దాకా పొట్టనబెట్టుకోగలదు. సమయానికి ద్రవాలు ఎక్కించి కనిపెట్టుకుంటే ఒక్కరి కన్నా తక్కువ.

పొట్ట తీసినప్పుడు

కారడం ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. పొట్టలో చేరిన నీరు తర్వాత రెండు మూడు రోజుల్లో తిరిగి రక్తంలోకి వచ్చేస్తుంది. అందుకే ఉబ్బిన పొట్టకు సూది గుచ్చి నీరు తీయరు. తీస్తే రక్తస్రావం అదనంగా తెచ్చుకున్నట్టే. ఈ దశలో ఇంకో ప్రమాదం, అవసరం తీరాక కూడా సెలైన్ పోతూ ఉండటం. బయటి ద్రవం లోపలికి వస్తుండగా పైనుంచి ఇంకా ఎక్కిస్తే ఊపిరితిత్తులు నిండి ఆయాసం వస్తుంది. ‘ఇంకో సీసా పెట్టండి, నీరసంగా ఉంది’ అని నర్సమ్మను బతిమాలకండి. డాక్టరు సెలైన్ ఆపారంటే పిల్లను పట్టించుకోనట్టు కాదు.

ఒంటి నిండా ఎర్రటి దద్దురు, మధ్యమధ్య తెల్ల మచ్చలు, అరచేతుల్లో దురద. ఇవన్నీ కోలుకుంటున్న లక్షణాలే. అన్నిటికన్నా నమ్మదగిన కబురు మాత్రం పిల్ల నోటి నుంచే వస్తుంది: ‘అమ్మా, ఆకలేస్తోంది.’ మందు వేయకుండా జ్వరం లేకుండా రెండు రోజులు, సెలైన్ లేకుండా నిలకడగా ఉన్న పీసీవీ, మూత్రం బాగా రావడం, ఆయాసం లేకపోవడం, ప్లేట్‌లెట్లు పెరుగుతూ ఉండటం. ఇవి చూసుకునే డిశ్చార్జి చేస్తారు.

ఇంటికి తెచ్చుకున్నాక ఆ డిశ్చార్జి కాగితాన్ని టీకాల కార్డుతో కలిపి దాచండి. కార్డు మీద పెన్నుతో ‘డెంగీ’ అనీ, నెల, సంవత్సరం రాయండి. మిగిలిన మూడు రకాల్లో ఏదో ఒకటి రెండేళ్లకో అయిదేళ్లకో మళ్లీ తగలొచ్చు. అప్పుడు జ్వరంతో వెళ్లినరోజే డాక్టరు అడగకముందే ఆ కార్డు చూపించండి. ‘ఇది రెండోసారి కావచ్చు’ అన్న ఆ ఒక్క సంగతితో పిల్లను ఎన్ని గంటలకోసారి చూడాలో, ఎప్పుడు చేర్చుకోవాలో డాక్టరు వేసుకునే లెక్క మారిపోతుంది.